చార్జిమెమో లేదు, చార్జిషీటు లేదు: దర్యాప్తు నడుస్తోందన్న కారణంతో గ్రాట్యుటీ ఆపవచ్చునా?

ప్రశ్న: ఉపాధ్యాయురాలు, కందుకూరు

పెద్దలకు, మిత్రులకు నమస్కారం.

మా నాన్నగారు ఒక ఇంజినీరింగు శాఖలో ముప్పై నాలుగేళ్లు పనిచేసి, 2024 జూన్ 30న సీనియర్ అసిస్టెంటుగా పదవీ విరమణ చేశారు. 2017-18లో ఆయన ఒంగోలు వైపు ఒక కార్యాలయంలో బిల్లుల సెక్షన్ చూస్తున్నప్పుడు, కొన్ని పనులకు సరైన కొలతలు లేకుండానే చెల్లింపులు జరిగాయని ఎవరో ఫిర్యాదు చేయగా, 2021లో అవినీతి నిరోధక చట్టం కింద కేసు నమోదయింది. ఎఫ్ఐఆర్‌లో ఐదుగురి పేర్లు ఉన్నాయి. నాన్నగారిది నాలుగో పేరు. దర్యాప్తు అధికారులు ఆయనను రెండుసార్లు పిలిపించి వాంగ్మూలం తీసుకున్నారు. ఆ తర్వాత ఏమీ జరగలేదు. అరెస్టు లేదు, సస్పెన్షన్ లేదు, శాఖ నుంచి చార్జిమెమో (అభియోగ పత్రం) రాలేదు, కోర్టులో ఇంతవరకు పోలీసులు చార్జిషీటు (దర్యాప్తు నివేదిక) వేయలేదు.

ఈలోగా ఆయన కందుకూరుకు బదిలీ అయ్యారు. 2022 ఏప్రిల్‌లో జిల్లాలను పునర్వ్యవస్థీకరించినప్పుడు కందుకూరు ప్రకాశం జిల్లా నుంచి నెల్లూరు జిల్లాలోకి మారడంతో, ఆయన సర్వీసు రిజిస్టరు నెల్లూరు వైపు వెళ్లింది గానీ కేసుకు సంబంధించిన ఫైలు ఒంగోలు వైపే ఉండిపోయింది. పెన్షన్ గురించి ఇక్కడ అడిగితే అక్కడి నుంచి రిపోర్టు రావాలంటారు. అక్కడ అడిగితే ఆయన ఇప్పుడు తమ పరిధిలో లేరంటారు.

పదవీ విరమణకు ఆరు నెలల ముందే నాన్నగారు తన పెన్షన్ కాగితాలు తానే రాసుకున్నారు. సర్వీసంతా తోటివారి పెన్షన్ ప్రపోజల్స్ ఆయన చేతిమీదుగానే వెళ్లాయి కనుక ఎక్కడా ఒక్క అబ్జెక్షన్ రాదని ఆయన ధీమా. తీరా పదకొండు నెలలు ఒక్క రూపాయి కూడా రాలేదు. తర్వాత, పూర్తి పెన్షన్ నెలకు 38,000 రూపాయలు కావలసి ఉండగా అందులో 75 శాతం, అంటే 28,500 రూపాయలు ప్రొవిజనల్ (తాత్కాలిక) పెన్షన్‌గా మంజూరు చేస్తున్నట్టు ఉత్తర్వు వచ్చింది. గ్రాట్యుటీ (విరమణ సమయంలో ఒకేసారి ఇచ్చే సొమ్ము), కమ్యుటేషన్ (పెన్షన్‌లో కొంత భాగానికి బదులు ముందే ఒకేసారి ఇచ్చే సొమ్ము), సంపాదిత సెలవుల సొమ్ము మూడూ ఆపేశారు. కారణం చూపిన వాక్యం ఒక్కటే: ‘సదరు ఉద్యోగిపై కేసు దర్యాప్తులో ఉన్నందున.’ పోయిన నెలలో మరో కాగితం వచ్చింది. 2017-18 నాటి చెల్లింపులపై శాఖాపరమైన చర్య తీసుకోదలచినట్టు, పదిహేను రోజుల్లో వివరణ ఇవ్వవలసిందిగా అందులో ఉంది.

నాన్నగారు తప్పు చేయలేదని నేను ఇక్కడ వాదించదలచుకోలేదు. అది తేలవలసిన చోట తేలుతుంది. కేవలం దర్యాప్తు దశలో ఉన్నప్పుడు ఇలా ఆపే అధికారం నియమాల్లో ఉందా, పదవీ విరమణ తర్వాత పాత విషయాలపై కొత్తగా చార్జిమెమో ఇవ్వవచ్చునా అన్న రెండు సంగతులే నాకు తెలియాలి. తెలిసినవారు దయచేసి వివరంగా చెప్పండి.

జవాబు: విశ్రాంత సూపరింటెండెంటు, నెల్లూరు

అమ్మా, మీరు రాసినదాంట్లో అన్నింటికంటే విలువైన మాట ‘సస్పెన్షన్ లేదు’ అన్నది. మీ నాన్నగారి వ్యవహారమంతా ఆ మాట మీదే నిలబడుతుంది కాబట్టి అక్కడి నుంచే మొదలుపెడతాను.

మన ఆంధ్రప్రదేశ్‌లో పాత పెన్షన్ విధానంలో ఉన్నవారికి వర్తించేది 1980 నాటి సవరించిన పెన్షన్ నియమావళి. అందులో 9వ నియమం పెన్షన్‌ను, గ్రాట్యుటీని ఆపే అధికారం ప్రభుత్వానికి ఇస్తుంది. అయితే శాఖాపరమైన విచారణలోనో, కోర్టులోనో ఉద్యోగి తీవ్రమైన దుష్ప్రవర్తనకు గానీ నిర్లక్ష్యానికి గానీ పాల్పడినట్టు రుజువైతేనే ఆ అధికారం వస్తుంది. రుజువు కాకముందు, విచారణ నడుస్తున్న కాలానికి చెప్పినది 52వ నియమం. దాని ప్రకారం ప్రొవిజనల్ పెన్షన్ ఇవ్వాలి, తుది ఉత్తర్వులు వచ్చేదాకా గ్రాట్యుటీ ఇవ్వకూడదు. ఆచరణలో ఆ ప్రొవిజనల్ పెన్షన్‌ను 75 శాతంగా ఇస్తున్నారు, కమ్యుటేషన్‌ను అనుమతించడం లేదు. కాబట్టి నిజంగా విచారణ మొదలైన వ్యక్తికైతే మీకు వచ్చిన ఉత్తర్వు సరైనదే.

మీ నాన్నగారి మీద ‘విచారణ మొదలైందా’ అన్నదే అసలు ప్రశ్న. ఆఫీసుల్లో మనమందరం ఆకాశరామన్న ఉత్తరం వచ్చినా, ప్రాథమిక విచారణ జరిగినా, ఎఫ్ఐఆర్ అయినా, చార్జిషీటు పడినా అన్నింటినీ కలిపి ‘ఆయన మీద కేసుంది’ అనే అంటాం. నియమం అలా అనదు. 9వ నియమంలోని 6వ ఉపనియమం తేదీలను ఖరారు చేసింది. అభియోగ పత్రం, అంటే చార్జిమెమో, ఉద్యోగికి జారీ అయిన రోజున శాఖాపరమైన చర్య మొదలైనట్టు లెక్క. అంతకుముందే సస్పెండు చేసి ఉంటే ఆ సస్పెన్షన్ తేదీ నుంచే మొదలైనట్టు లెక్క. క్రిమినల్ కేసు విషయంలో పోలీసు అధికారి నివేదిక, అంటే చార్జిషీటు, కోర్టుకు సమర్పించి దానిని కోర్టు విచారణకు స్వీకరించినప్పుడు, ఆ నివేదిక సమర్పించిన తేదీ లెక్క. ఎఫ్ఐఆర్ తేదీ ఈ జాబితాలో ఎక్కడా లేదు. లంచం తీసుకుంటూ పట్టుబడిన కేసుల్లో సాధారణంగా వెంటనే సస్పెండు చేస్తారు కనుక, వారికి ఆ రోజు నుంచే ఈ నియమం వర్తిస్తుంది. మీ నాన్నగారిని సస్పెండు చేయలేదు. 2024 జూన్ 30 సాయంత్రానికి ఆయన మీద మెమో గానీ, చార్జిషీటు గానీ లేవు. నాకు తెలిసినంతలో ఆయన 52వ నియమం కిందికి రారు.

మరి ఎందుకు ఆపారంటే, పెన్షన్ ప్రపోజల్స్‌తో పాటు డీడీఓ, అంటే ఆఫీసులో జీతాలు, బిల్లులు డ్రా చేసే అధికారి, ఒక సర్టిఫికెట్ మీద సంతకం చేయాలి: ఈ ఉద్యోగిపై శాఖాపరమైన విచారణలు గానీ, కోర్టు కేసులు గానీ పెండింగులో లేవు అని. దర్యాప్తు ఉందని తెలిసి ఆ వాక్యం కింద సంతకం చేయడానికి ఏ అధికారికీ చేయి ఆడదు. రేపు ఏదైనా తేలితే తన జీతంలోంచి రాబడతారేమోనన్న భయం ఉంటుంది. నేను సెక్షన్‌లో ఉన్నప్పుడు కేవలం ఒక విజిలెన్సు నివేదిక వస్తుందన్న మాట మీద ఒకాయన కాగితాలు ఏడు నెలలు నా బల్ల మీద ఉంచాను. ఆ నివేదిక రానేలేదు. రూలు తీసి తేదీ చూసుకోవలసిన బాధ్యత నాది, నేను చూడలేదు. ఆయన ప్రతి సోమవారం వచ్చి ఎదురుగా బెంచీ మీద కూర్చునేవారు. అది నాకు ఇప్పటికీ గుర్తుంది.

ఇంకొక సంగతి. జీపీఎఫ్ (ప్రావిడెంటు ఫండు), ఏపీజీఎల్‌ఐ (రాష్ట్ర ప్రభుత్వ జీవిత బీమా), గ్రూప్ ఇన్సూరెన్సు డబ్బులు ఇచ్చారో లేదో మీరు రాయలేదు. వాటికీ కేసుకూ సంబంధం లేదు. జీపీఎఫ్‌నైతే 1925 నాటి ప్రావిడెంటు ఫండ్ల చట్టం ప్రకారం కోర్టు కూడా జప్తు చేయలేదు. అవి ఇవ్వకపోతే ఈరోజే అడగండి. సెలవుల సొమ్ము సంగతి వేరు. విచారణ పెండింగులో ఉండి, ఉద్యోగి నుంచి డబ్బు రాబట్టవలసి రావచ్చునని అధికారి భావిస్తే, మొత్తాన్ని గానీ కొంత భాగాన్ని గానీ ఆపవచ్చు. అయితే ఎంత రాబట్టవలసి ఉందో, ఎందుకో కాగితం మీద రాయాలి. ‘దర్యాప్తులో ఉన్నందున’ అన్న ఒక్క ముక్క చాలదు.

జవాబు: న్యాయవాది, ఒంగోలు

పై పెద్దాయన నియమాలను స్పష్టంగా చెప్పారు. నేను కోర్టు తీర్పుల సంగతి చెబుతాను. ఈ విషయంలో చాలామంది సగం తీర్పు చదివి ఆశపడతారు కనుక కొంచెం విపులంగా రాస్తున్నాను.

పెన్షన్ ప్రభుత్వం దయతలచి ఇచ్చేది కాదని, ఉద్యోగి హక్కు అని 1971లో దేవకీనందన్ ప్రసాద్ కేసులో, 1982 డిసెంబరు 17న డి.ఎస్. నకారా కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. పెన్షనర్ల సంఘాలవారు ఏటా డిసెంబరు 17న పెన్షనర్ల దినం జరుపుకునేది అందుకే. 2013 ఆగస్టులో జార్ఖండ్ ప్రభుత్వం, జితేంద్ర కుమార్ శ్రీవాస్తవల మధ్య నడిచిన కేసులో మరో అడుగు ముందుకు వేసింది. ఆయన మీద అవినీతి నిరోధక చట్టం కింద కేసులు ఉన్నాయి. పదవీ విరమణ తర్వాత పెన్షన్‌లో పది శాతం, గ్రాట్యుటీ, సెలవుల సొమ్ము ఆపారు. పెన్షన్ రాజ్యాంగంలోని 300-ఏ అధికరణం కింద ఆస్తి అని, చట్టబద్ధమైన నియమం లేకుండా కేవలం పాలనాపరమైన సూచనల ఆధారంగా దానిని ఆపడం చెల్లదని కోర్టు తీర్పు ఇచ్చింది.

ఈ తీర్పు చూపించి మన దగ్గర కూడా కేసు పెండింగులో ఉన్నా గ్రాట్యుటీ వచ్చేస్తుందని అనుకోకూడదు. అక్కడ వర్తించిన బీహారు నియమావళిలో, కేసు నడుస్తుండగా ఆపవచ్చునన్న నియమం అప్పటికి లేదు. మనకు 52వ నియమం ఉంది. 1999లో మన రాష్ట్రానికే చెందిన ఆర్. వీరభద్రం కేసులో, క్రిమినల్ కేసు పెండింగులో ఉండగా గ్రాట్యుటీ ఆపడానికి ఈ 52వ నియమం అధికారమిస్తోందని సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది. కాబట్టి చార్జిషీటు పడి కోర్టులో విచారణ నడుస్తున్నవారికి జార్ఖండ్ తీర్పు కంటే వీరభద్రం తీర్పే ఎదురవుతుంది.

మీ నాన్నగారి బలం వేరే చోట ఉంది. నియమం ఉన్నా, అది వర్తించే దశే రాలేదన్నది ఆయన వాదన. నియమం వర్తించనప్పుడు ఆపడమంటే నియమం లేకుండా ఆపడమే కనుక, అప్పుడు జార్ఖండ్ తీర్పు ఆయనకు పూర్తిగా అక్కరకు వస్తుంది. దీనికి తోడుగా 1991 నాటి జానకిరామన్ తీర్పును కూడా చూపవచ్చు. అది ప్రమోషన్లకు సంబంధించినది. చార్జిమెమోనో చార్జిషీటో జారీ అయ్యేదాకా విచారణ పెండింగులో ఉన్నట్టు కాదని, ప్రాథమిక దర్యాప్తు నడుస్తోందన్న కారణం చాలదని అందులో చెప్పారు. పెన్షన్‌కు నేరుగా వర్తించకపోయినా తర్కం అదే.

ఇక రెండో ప్రశ్న. పదవీ విరమణ తర్వాత శాఖాపరమైన చర్య మొదలుపెట్టాలంటే రెండు షరతులు ఉన్నాయి. ప్రభుత్వ అనుమతి ఉండాలి. ఏ సంఘటనపై చర్య తీసుకుంటున్నారో అది చార్జిమెమో తేదీకి నాలుగేళ్ల లోపల జరిగినదై ఉండాలి. 2017-18 నాటి చెల్లింపులకు ఆ గడువు ఆయన పదవీ విరమణ చేయకముందే దాటిపోయింది. సర్వీసులో ఉండగా మెమో ఇచ్చి ఉంటే ఈ నాలుగేళ్ల అడ్డంకి ఉండేది కాదు, అదే విచారణ విరమణ తర్వాత కూడా కొనసాగేది. వాళ్లు ఇవ్వలేదు. అందుచేత పోయిన నెల వచ్చిన కాగితానికి జవాబు ఇచ్చేటప్పుడు 2017-18 చెల్లింపుల మంచి చెడుల్లోకి వెళ్లకుండా, ముందుగా 9వ నియమం రెండో ఉపనియమం కింద గడువు అభ్యంతరాన్ని లిఖితపూర్వకంగా నమోదు చేయండి. పదిహేను రోజుల గడువు మాత్రం దాటనీయకండి.

ఒక హెచ్చరిక చేయకపోతే నా బాధ్యత తీరదు. ఈ నాలుగేళ్ల గడువు క్రిమినల్ కేసును ఆపదు. పంజాబుకు చెందిన కైలాష్ నాథ్ కేసులో, అటువంటి నియమాన్నే చూపి ప్రాసిక్యూషన్‌ను, అంటే కోర్టులో నడిపే క్రిమినల్ కేసును, కొట్టివేయలేరని సుప్రీంకోర్టు చెప్పింది. 2018 సవరణ తర్వాత అవినీతి నిరోధక చట్టం 19వ సెక్షన్ ప్రకారం, నేరం జరిగినట్టు చెబుతున్న నాటికి ఉద్యోగంలో ఉండి తర్వాత రిటైరైనవారి విషయంలో కూడా ప్రాసిక్యూషన్‌కు ముందస్తు అనుమతి కావాలి. ఆ అనుమతిపై మూడు నెలల్లో, అవసరమైతే మరొక నెలలో నిర్ణయం తీసుకోవడానికి ప్రయత్నించాలని చట్టం చెబుతోంది. మీ కేసు ఆ అనుమతి దగ్గరే ఆగి ఉండవచ్చు. రేపు అనుమతి వచ్చి నెల్లూరు ఏసీబీ (అవినీతి నిరోధక శాఖ) కోర్టులో చార్జిషీటు పడితే పరిస్థితి మారుతుంది. అప్పుడు శాఖవారు 52వ నియమాన్ని ధైర్యంగా చూపిస్తారు. అందుకని ఈ పని నానబెట్టవద్దు.

జవాబు: రైతు, పొదిలి దగ్గర

అందరూ ఉద్యోగి వైపు నుంచే మాట్లాడుతున్నారు. నేను రెండో వైపు నుంచి నాలుగు మాటలు రాస్తాను. ఆ అమ్మాయిని బాధపెట్టాలని కాదు.

మా తండ్రిగారి పొలం నా పేరు మీదికి మార్చుకోవడానికి నేను ఒక కార్యాలయం చుట్టూ పద్నాలుగు నెలలు తిరిగాను. నా అర్జీ కాగితం మడతల దగ్గర చిరిగిపోయి వెనక టేపు అంటించుకున్నాను. చివరికి అడిగినంత ఇస్తే గానీ పాసుపుస్తకం చేతికి రాలేదు. ఆ సంవత్సరం కంది పంట మీద వచ్చిన డబ్బులో మూడో వంతు దానికే పోయింది. నేను ఫిర్యాదు చేయలేదు, భయపడ్డాను. నాలాంటివాడు ఎప్పుడైనా ధైర్యం చేసి ఫిర్యాదు చేస్తే, ఆ కేసు పదేళ్లు నడిచి, ఈలోగా ఆ ఉద్యోగి గౌరవంగా రిటైరై గ్రాట్యుటీ మొత్తం తీసుకుని వెళ్లిపోతే, తర్వాత నేరం రుజువైనా ప్రభుత్వానికి ఏం దొరుకుతుంది? మన రాష్ట్రంలో గ్రాట్యుటీ గరిష్ఠ పరిమితి 2022 వేతన సవరణతో 16 లక్షలయింది. అంత సొమ్ము ఒకసారి చేయి దాటితే తిరిగి రాబట్టడం జరిగే పని కాదు. నష్టం రాబట్టే అధికారం నియమంలో ఉన్నా, రాబట్టడానికి ఏదైనా మిగిలి ఉండాలి కదా. 52వ నియమం అందుకే పెట్టారని నేను అనుకుంటున్నాను, అది ఉండవలసిందే.

అయితే కేసు తేల్చకుండా ఏళ్ల తరబడి ఆపడం మాకూ న్యాయం చేయదు. డబ్బు ఆపినంత మాత్రాన దొంగ దొరికినట్టు కాదు. చార్జిషీటు వేయవలసినవారు వేయకుండా, గ్రాట్యుటీ ఆపి ఊరుకుంటే శిక్ష పడవలసినవాడికీ పడదు, పడకూడనివాడికి ముందే పడుతుంది. ఆ అమ్మాయి వాళ్ల నాన్నగారి విషయంలో నాకు కోపం ఉన్నది ఆ మూడేళ్ల మౌనం మీద.

జవాబు: న్యాయవాది, ఒంగోలు

రైతు సోదరులు చెప్పినదాంతో నేను ఏకీభవిస్తున్నాను. అవినీతి నిరోధక చట్టం 4వ సెక్షన్‌లోనే, విచారణను వీలైనంతవరకు రోజువారీగా జరిపి రెండేళ్లలో ముగించడానికి ప్రయత్నించాలని, ముగియకపోతే కారణాలు రాసి ఆరేసి నెలల చొప్పున పొడిగించవచ్చునని, మొత్తం మీద సాధారణంగా నాలుగేళ్లు మించకూడదని ఉంది. అయితే ఆ లెక్క కేసు కోర్టుకు వచ్చిన తర్వాత మొదలవుతుంది. కోర్టుకు రాకముందు దర్యాప్తులో గడిచే ఏళ్లకు అటువంటి లెక్క లేదు. పెన్షనరు నలిగిపోయేది సరిగ్గా ఆ కాలంలోనే.

జవాబు: గృహిణి, సింగరాయకొండ

తల్లీ, నాకు నియమాలు తెలియవు. మా ఇంట్లో జరిగినది చెబుతాను, నీకు ఏదైనా ఉపయోగపడుతుందేమో చూడు.

మావారు 2009లో లంచం కేసులో పట్టుబడ్డారు. ఆయన తీసుకున్నారా లేదా అన్నది నేను ఇప్పుడు మాట్లాడను. ఆయన నాతో ఒక్కటే చెప్పేవారు, గాజు గ్లాసులో వేళ్లు ముంచమన్నారని, తెల్లగా ఉన్న నీళ్లు గులాబి రంగుకు మారాయని, ఆ రంగు చూసినప్పటి నుంచి తనకు ఇంకేమీ వినిపించలేదని. సస్పెండయ్యారు, తర్వాత మళ్లీ ఉద్యోగంలోకి తీసుకున్నారు, 2011లో యాభై ఎనిమిదేళ్లకు రిటైరయ్యారు. అప్పటికే చార్జిషీటు పడింది కనుక 75 శాతం పెన్షన్ వచ్చేది, గ్రాట్యుటీ లేదు. ఆ డబ్బుతో పెద్దమ్మాయి పెళ్లి చేయాలని అనుకున్నాం. అప్పు తెచ్చి చేశాం.

వంటింట్లో క్యాలెండరు మీద వాయిదా తేదీల చుట్టూ ఆయన ఎర్ర పెన్నుతో సున్నాలు చుట్టేవారు. వాయిదా రోజున తెల్లవారుజామున లేచి, పెరుగన్నం డబ్బా గుడ్డసంచిలో పెట్టుకుని, రైలెక్కి నెల్లూరు వెళ్లేవారు. ఒక్కోసారి సాక్షి రాలేదని, ఒక్కోసారి జడ్జిగారు సెలవులో ఉన్నారని, అన్నం డబ్బా అలాగే తిరిగి తెచ్చేవారు. ఏడేళ్లు అలా తిరిగారు. 2018లో గుండెపోటుతో పోయారు. ముద్దాయి చనిపోయాడు కనుక కేసు ముగిసిందని కోర్టు రాసింది. తప్పు చేశారనీ లేదు, చేయలేదనీ లేదు.

నాకు ఫ్యామిలీ పెన్షన్ వచ్చింది. కానీ ఆయన గ్రాట్యుటీ కోసం నేను ఇంకా రెండేళ్లు తిరిగాను. కోర్టు ఉత్తర్వు నకలు ఇచ్చినా, కేసు ‘కొట్టివేశారు’ అని లేదు, ‘ముగిసింది’ అని ఉందని అభ్యంతరం పెట్టారు. చివరికి నాకు సహాయపడింది ఒకే ఒక్కటి. ఆయన ఇచ్చిన ప్రతి అర్జీకీ రెండో కాపీ మీద ఆఫీసు వాళ్ల ముద్ర, సంతకం, తేదీ వేయించి, వరుసగా ఫైలు కట్టి ఉంచారు. ఆ ఫైలు నా దగ్గర లేకపోతే నా మాట ఎవరూ వినేవారు కాదు. నువ్వు కూడా నాన్నగారి చేత ప్రతి కాగితం రెండు కాపీలు రాయించు. ఉత్తచేతులతో వెళ్లి నోటిమాటగా అడిగి రావద్దు.

ప్రశ్నించినవారు: ఉపాధ్యాయురాలు, కందుకూరు

అందరికీ చేతులెత్తి నమస్కరిస్తున్నాను. సింగరాయకొండ అమ్మగారు రాసినది నాన్నగారికి చదివి వినిపించాను. ఆయన ఏమీ మాట్లాడలేదు. కాసేపటికి లేచి బీరువాలోంచి తన పాత అర్జీలన్నీ తీశారు. మొత్తం ఆరు ఉన్నాయి. నాలుగింటి మీద ఆఫీసు ముద్ర ఉంది, రెండింటి మీద లేదు.

జీపీఎఫ్, ఏపీజీఎల్‌ఐ వచ్చాయి. గ్రూప్ ఇన్సూరెన్సు రాలేదు, దానికి నిన్ననే అర్జీ పెట్టాం. సస్పెన్షన్ ఉత్తర్వు ఏదైనా మాకు తెలియకుండా ఉందేమోనన్న అనుమానం తీరడానికి, సమాచార హక్కు చట్టం కింద రెండు కార్యాలయాలకూ దరఖాస్తు చేయాలనుకుంటున్నాను. 2024 జూన్ 30 నాటికి నాన్నగారిపై చార్జిమెమో జారీ అయిందా, అయితే ఏ తేదీన, సస్పెన్షన్ ఉత్తర్వు ఉందా, ప్రాసిక్యూషన్ అనుమతి కోసం ఫైలు వచ్చిందా అని నాలుగు ప్రశ్నలు రాశాను. ఇవి చాలునా, ఇంకేమైనా అడగాలా?

రైతుగారికి ఒక మాట. మీరు రాసినది నన్ను బాధపెట్టలేదు. మా బడిలో పిల్లల తండ్రులు చాలామంది మీలాగే పాసుపుస్తకాల కోసం తిరిగినవారే. నాన్నగారు తప్పు చేసి ఉంటే ఆ సొమ్ము ప్రభుత్వానికి తిరిగి వెళ్లాలని నేనూ కోరుకుంటాను. ఎవరైనా ఒకరు ఆ ఫైలు తెరిచి అవునో కాదో తేల్చాలి.

జవాబు: విశ్రాంత సూపరింటెండెంటు, నెల్లూరు

అమ్మా, నాలుగు ప్రశ్నలూ బాగున్నాయి. ఐదోది కూడా చేర్చండి: ప్రొవిజనల్ పెన్షన్ ఉత్తర్వు ఏ నియమం, ఏ ఉపనియమం ఆధారంగా జారీ చేశారో తెలపండి, ఆ ఉత్తర్వుకు సంబంధించిన నోట్‌ఫైలు నకలు ఇవ్వండి అని. నియమం పేరు రాయవలసి వచ్చినప్పుడు సెక్షన్‌లో ఎవరో ఒకరు నియమావళి పుస్తకం తెరిచి చూడక తప్పదు. అలా చూసినప్పుడే పని సగం అయిపోయిన సందర్భాలు నాకు తెలుసు. ముప్పై రోజుల్లో జవాబు ఇవ్వాలి. ఇవ్వకపోతే అప్పీలు వేయండి.

పోయిన నెల నోటీసుకు న్యాయవాదిగారు చెప్పినట్టు గడువు అభ్యంతరం విడిగా రాయండి. గ్రాట్యుటీ అడిగే అర్జీలో దానిని కలపవద్దు. రెండూ ఒకే కాగితంలో ఉంటే ‘వివరణ పరిశీలనలో ఉంది’ అని రెండింటినీ కలిపి పక్కన పెడతారు. గ్రాట్యుటీ అర్జీలో తేదీలు మాత్రమే వరుసగా పెట్టండి: ఎఫ్ఐఆర్ తేదీ, పదవీ విరమణ తేదీ, ఆనాటికి సస్పెన్షన్ గానీ, చార్జిమెమో గానీ, కోర్టులో చార్జిషీటు గానీ లేవన్న వాక్యం, 9వ నియమం 6వ ఉపనియమం. ఒక పేజీ దాటనీయవద్దు. ఒకవేళ ముందుముందు పెన్షన్ తగ్గించే ఉత్తర్వు వచ్చినా, ఇప్పటిదాకా తీసుకున్న ప్రొవిజనల్ పెన్షన్‌ను తిరిగి రాబట్టకూడదని 52వ నియమంలోనే ఉంది కనుక, ఆ భయంతో నాన్నగారు ఖర్చులు బిగబట్టుకుని ఉంటే ఆ మాట ఆయనకు చెప్పండి.

జవాబు: న్యాయవాది, ఒంగోలు

అర్జీ ఇచ్చాక రెండు నెలలు చూడండి. కారణాలు రాసి తిరస్కరిస్తే ఆ ఉత్తర్వు మీద, మౌనంగా ఉంటే ఆ మౌనం మీద, అమరావతిలోని హైకోర్టులో రిట్ పిటిషన్ వేయవచ్చు. ముందుగా అర్జీ ఇచ్చి ఉంటే, దానిపై ఇంత గడువులోగా కారణాలతో నిర్ణయం తీసుకొమ్మని హైకోర్టు చాలా సందర్భాల్లో ఆదేశిస్తుంది. పదకొండు నెలల పాటు అసలేమీ చెల్లించకపోవడానికి మాత్రం వాళ్ల దగ్గర ఏ నియమమూ లేదు. విచారణ నిజంగా నడుస్తున్నవారికి కూడా ప్రొవిజనల్ పెన్షన్ ఇవ్వాలనే నియమం చెబుతోంది. ఆ కాలానికి బకాయిలు వచ్చాయో లేదో చూసుకోండి, రాకపోతే వడ్డీతో సహా అడగండి.

ప్రశ్నించినవారు: ఉపాధ్యాయురాలు, కందుకూరు

బకాయిలు వచ్చాయి, వడ్డీ లేదు. అది కూడా రాస్తాం. ఐదో ప్రశ్న చేర్చాను. గ్రాట్యుటీ అర్జీని నాన్నగారు తన చేత్తోనే, సరిగ్గా ఒక పేజీలో రాశారు. రెండు కాపీలు తీశాం. సోమవారం నాకు బడి ఉన్నందున మంగళవారం సెలవు పెట్టి, నాన్నగారిని వెంటబెట్టుకుని నెల్లూరు వెళ్లి ఆఫీసు టపా సెక్షన్‌లో ఇచ్చి, రెండో కాపీ మీద ముద్ర వేయించుకుని వస్తాను. జవాబు ఏది వచ్చినా ఇక్కడే రాస్తాను.